మూడో పొర రాయి

మా మామగారు వెంకటేశప్ప మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో అందరూ మంచివాళ్ళే. అదే నా ఖర్మ.

తమిళనాడు వైపు ఒక సున్నపురాయి క్వారీలో రెండేళ్ళు ఎండకు మాడి, నా పరిశోధన కోసం సంచెడు అమ్మొనైట్లు ఏరుకొచ్చాను. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. నత్తలా చుట్టలు చుట్టుకున్న ఆ సముద్రజీవుల గుల్లలు రాళ్ళుగా మారి మిగిలాయి. వాటిలో ఒక్కో రకం కొంతకాలం బతికి పోయింది, ఆ తర్వాత ఇంకో రకం వచ్చింది. ఏ పొరలో ఏ రకం దొరికిందో తెలిస్తే ఆ పొర వయసు చెప్పొచ్చు. ఏ పొరదో తెలియకపోతే మాత్రం అది అందమైన రాయి, అంతే. అందుకే ఒక్కోదాని మీద వైట్నర్ చుక్క పెట్టి, ఆరాక సన్నటి పెన్నుతో పొర నెంబరు రాసుకున్నాను.

అందులో మూడో పొర అందరూ అనుకుంటున్నంత పాతది కాదని నా వాదన. "చూపించు, ఒప్పుకుంటాను," అన్నారు మా గైడ్. చూపించడానికి ఆ రాళ్ళు తప్ప ఏమీ లేవు. క్వారీలో ఆ పొర ఉన్న గోడను పేల్చి సిమెంటు చేసేశారు.

తీరిగ్గా ఫోటోలు తీసుకుందామని సంచిని బాగేపల్లిలో మా అత్తవారింటికి తెచ్చాను. మామగారు విత్తనాల అంగడి నుంచి వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందమ్మా నయనా ఇవి?"

"సముద్రంలో బతికినవి మామా. మన దేవుడింట్లో ఉండే సాలగ్రామం గూడా ఈ జాతిదే."

మొదటి మాట ఆయన చెవికెక్కలేదు.

సెమినార్‌కని బెంగళూరు వెళ్ళి వచ్చేసరికి రాళ్ళు ఇత్తడి పళ్ళెంలో తళతళలాడుతున్నాయి. ఆయనే దగ్గరుండి చింతపండుతో తోమి, నల్లబడాలని నూనె రాశాడట. సున్నపురాయికి పులుపు తగిలితే కరుగుతుంది. ఏ రకమో గుర్తుపట్టే సన్నని గీతలు పోయాయి, నెంబర్లు పోయాయి. కొన్ని అప్పటికే చుట్టాల ఇళ్ళకు చేరాయి.

"అంత పుణ్యాన్ని సంచిలో కట్టి మంచం కింద పెట్టుకోని ఉండావు. తప్పు కదమ్మా?" అన్నాడు, నన్ను ఏదో పాపం నుంచి కాపాడినట్టు.

అరిచాను, ఏడ్చాను. "రాళ్ళే కదా, ఇంకో తూరి పోయి తెచ్చుకుందువులే," అన్నాడు నా మొగుడు పురుషోత్తం. అతనితో ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు.

పళ్ళెంలో మూడో పొర రాయి ఒకటి కనబడలేదు. వరసగా బుడిపెలున్న పెద్దది. బాగా తర్వాతి కాలానికి చెందిన అలాంటి రకం అంత కింది పొరలో ఉందని చూపిస్తే చాలు, నా వాదన నిలుస్తుంది. మామగారిని అడిగాను.

"దాన్ని తోమలేదమ్మా. తెల్లగా నామం ఉండాది దానికి, తనంతట తానే వచ్చింది. చింతామణికి, రూపా వాళ్ళింటికి పంపించినా."

ఆ నామం నా వైట్నర్ చుక్క! పోయిన ప్రాణం లేచి వచ్చింది. పొద్దున్నే చింతామణి బస్సెక్కాను.

రూప వదిన భర్త రామచంద్రప్పది టమాటా వ్యాపారం. రాయి వచ్చినాక రేటు లేచిందని సంబరంగా చెబుతూ దేవుడింటి గడప దాకా తీసుకెళ్ళాడు. లోపల వెండి తట్టలో ఉంది నా రాయి. బుడిపెలు బుడిపెలుగానే ఉన్నాయి.

"ఒక్కసారి ఇయ్యన్నా. ఫోటో తీసుకోని ఇప్పుడే ఇచ్చేస్తా."

"ఆడోళ్ళు ముట్టగూడదమ్మా."

"నేనే తవ్వినాను కదన్నా, ఈ చేతుల్తోనే!"

"అప్పుడది రాయి," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

గడప ఇవతల నుంచే ఫోను చాపితే తెరమీద తెల్లటి మరక తప్ప దాని మీది నెంబరు తెలియలేదు.

"అయితే కొంచెం ఇట్ల తిప్పు అన్నా. ఆ తెల్లది నాకు బాగా కనబడాల."

ఆయన ముఖం విప్పారింది. ఇంత చదివిన మనిషికి చివరికి భక్తి కలిగిందనుకున్నాడు కాబోలు.

"మాసిపోయింది చెల్లెమ్మా. యాడ కనపడుతుంది నీకు? ఉండు," అని బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"వద్దన్నా! వద్దు!"

"ఇందులో నాకేం కష్టం?"

వైట్నర్ పొట్టు తట్టలో రాలింది. తడిగుడ్డతో తుడిచి, తిరుమణి సుద్ద నీళ్ళలో అరగదీసి, కొత్త నామం ఎంతో శ్రద్ధగా దిద్ది, రాయిని నావైపు తిప్పాడు.

"ఇప్పుడు బాగా కనిపిస్తాందా?"

"కనిపిస్తాందన్నా," అన్నాను. నా కళ్ళ నీళ్ళు చూసి రూప వదిన చేతులు జోడించింది. తర్వాత నా అరచేతిలో తీర్థం పోసింది. తాగాను.