మా అన్న మాట

బాప్తిస్మం తరగతిలో ఇస్త్రీ దుకాణం ఆయనకి పెద్ద సంగతులేవీ అడ్డు రాలేదు. దేవుడు ఒక్కడే, ఆ ఒక్కడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటే తల ఊపాడు. ప్రతి మనిషీ పాపే అంటే, తన విషయంలో మాత్రం ఏ అనుమానమూ లేదన్నాడు. యేసు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి మూడో రోజు లేచాడంటే కళ్ళు తుడుచుకున్నాడు. రక్షణ దొరికేది కృప వల్లే గాని మన గొప్ప వల్ల కాదంటే, "హమ్మయ్య, బతికించారు" అన్నాడు. ఇంత మింగినవాడికి గొంతులో అడ్డుపడ్డది ఒకే ఒక్క అక్షరం.

ప్రభువు నేర్పిన ప్రార్థన అప్పజెప్పమంటే "పరలోకమందున్న నా తండ్రీ" అని మొదలుపెట్టేవాడు.

"నా కాదండీ, మా" అనేది పాఠం చెప్పే పాస్టరమ్మ.

"అలాగేనమ్మా" అనేవాడు వినయంగా. మళ్ళీ "నా" అనేవాడు. పాపం, మతిమరుపనుకుందావిడ. మతిమరుపూ లేదు, మన్నూ లేదు. వెనక బెంచీలో కూర్చున్న వ్యాను డ్రైవరు ఆయన సొంత తమ్ముడు. అతనూ కొత్తగా నమ్మినవాడే. వాడితో కలిసి "మా" అనడానికి ఈయనకి నోరు రాలేదు.

తల్లి పోయినప్పుడు ఈయన పనిమీద పొరుగూళ్ళో ఉన్నాడు. బయల్దేరాను, ఆపండని ఫోన్ చేశాడు. పడుతూ లేస్తూ వచ్చేసరికి మట్టి కప్పేశారు. తమ్ముడు ఆపలేదు. ఈయనకి కడసారి చూపు దక్కలేదు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆఖరి పాఠం క్షమాపణ గురించి. అప్పటికి సంగతి పాస్టరమ్మ చెవిన పడింది. పాఠమయ్యాక ఆయన్ని పక్కకి పిలిచింది.

"దేవుడు మిమ్మల్ని క్షమించాడని నమ్ముతున్నారుగా?"

"నమ్ముతున్నానమ్మా."

"మరి తమ్ముణ్ణి మీరు క్షమించలేనంటే ఎలాగండీ? బాప్తిస్మం కొన్నాళ్ళు ఆపుకోండి."

ఆయనకి తల కొట్టేసినట్టయింది.

బాప్తిస్మానికి వేసుకునే తెల్ల అంగీలు ఇస్త్రీకి ఆయన దుకాణానికే వచ్చాయి. శనివారం వాటిని తీసుకెళ్ళడానికి వ్యానుతో తమ్ముడొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగాడు. అన్న నీళ్ళు చిలకరించి, ఒక్కో అంగీ చెయ్యీ సాపు చేసి రుద్దుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఎందుకు ఆపలేదురా?"

"చివర్లో అమ్మ ముఖం ముఖంలా లేదన్నా. జబ్బు తినేసింది. చూస్తే నువ్వు తట్టుకోలేవని నేనే తొందరపెట్టాను."

అన్న ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. ఒళ్ళు మండిపోయింది. "అది తేల్చడానికి నువ్వెవడివిరా? మన అమ్మరా! ఎలా ఉన్నా చూసుకునేవాణ్ణి."

"తప్పేనన్నా. నీ మంచికే అనుకున్నాను గాని, తప్పే."

తమ్ముడు ఏ సాకు చెబితే ఏమనాలో ఆయన ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్నాడు. తప్పు ఒప్పేసుకుంటాడని మాత్రం అనుకోలేదు.

"తప్పే" అన్నాడు. "తప్పు కాకపోతే క్షమించడానికేముంది? క్షమించానురా."

ఆ మాట అనేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. అమ్మ ముఖం చూడనూ లేదు, ఇక చూడబోడు. స్టూలు లాగి తమ్ముడి ముందు వేశాడు.

"కూర్చో. ఎలా ఉందో చెప్పు. ఏదీ దాచకు."

తమ్ముడు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఒక్కడే మోసిన ఆ ముఖాన్ని ఇద్దరూ కలిసి చూశారు. ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత ప్రార్థన మొదలుపెడితే, అన్న నోట "మా తండ్రీ" అనే వచ్చింది.