మోకాలి వరస, నాలుగో గుంత

శుక్రవారం నమాజు అయి ఇంటికి వచ్చేసరికి సుబ్బరత్నం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కంకర క్రషరు కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. మా అల్లుడు ముస్తాక్ ఆ క్రషరులోనే టిప్పరు తోలతాడు.

"రండి సాయిబు గారూ. మీ కోసమే. వేలిముద్ర చాలు, సంతకం దాకా ఎందుకు మీకు శ్రమ?" అని కాగితం నా ముందు పెట్టి, ఇంకు డబ్బా మూత కూడా తీశాడు.

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తి కాలేదు. అయినా అక్షరాలు పోలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరమే పట్టుకుని చదివాను. సుబ్బరత్నం రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పాత గని సొరంగంలో గబ్బిలాలు గాని, మరే జీవాలు గాని లేవనీ, ఆ గనిలో పనిచేసిన యాసిన్ అనే నాకు ఈ సంగతి స్వయంగా తెలుసుననీ ఉంది అందులో.

"నేను లోపలికి వెళ్ళి పాతికేళ్ళయింది," అన్నాను.

"అయితే ఏం? విజయవాడ కాలేజీ మేడం వాళ్ళు రెండుసార్లు దూరి చూశారు. సున్నా అని ఫారంలో రాశారు. ఆ నకలు మా దగ్గరుంది. మీరు వాళ్ళకంటే ఎక్కువ చదివారా?"

"లేదు."

"మరి నొక్కండి."

"చూసి నొక్కుతాను."

"ఏం చూస్తారండీ?"

"లోపల."

అతను నవ్వాడు. ఇంకు డబ్బా మూత మాత్రం పెట్టలేదు. "సోమవారం అనుమతి ఇచ్చే ఆఫీసరు గారి దగ్గర విచారణ, లోపల జీవాలున్నాయంటే మందు ఆపేస్తారు. మంగళవారం కొండ మీద మందు పేలాలి. హైవేకి కంకర ఆగిపోయింది. ముస్తాక్ మంచివాడు, బండి కూడా బాగా తోలతాడు. మీరే ఆలోచించుకోండి," అని వెళ్ళిపోయాడు.

గబ్బిలాలంటే నాకు ప్రేమేమీ లేదు. మైలవరానికి పడమటి వైపు ఉన్న ఆ కొండలో నేను పదహారేళ్ళు రాయి తొలిచాను. జంపరు పట్టి, సమ్మెట దెబ్బలతో రాతిలో గుంత తొలిచి, అందులో మందు కూరి పేల్చడం మా పని. జంపరంటే నిలువెత్తు ఉక్కు కడ్డీ. డెబ్బై తొమ్మిదిలో గని మూశారు. ఆ తరువాత అక్కడ ఏముందో నాకు తెలియదు. తెలియనిది తెలుసునని రాసిన కాగితం మీద నా వేలు ఎందుకు పడాలి? నాకున్న పట్టుదల అంతే.

రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి నసీమా అడిగింది. "అబ్బా, ఒక్క వేలిముద్రకి ఏం పోతుంది?"

నేను అన్నం కలుపుకున్నాను.

"ఆయన టిప్పరు పోతుంది. అది పోతుంది."

"పోనీ."

"పోనీ అంట! పప్పులో ఉప్పు కూడా పోనీ అనండి, కూడూ పోనీ అనండి." గరిటె గిన్నెలో పడేసింది. "ఆ గబ్బిలాయిలు మీకు చుట్టాలా?"

ముస్తాక్ తల ఎత్తకుండా తింటున్నాడు. ముద్ద మింగి అన్నాడు. "ఆ టిప్పరుకి బ్రేకులు సరిగ్గా లేవు, నసీమా. ఆరు నెలల నుంచి చెబుతున్నా. నేను దేవుడి మీద భారం వేసి దిగుతున్నాను కొండ. మామూ చూసి వస్తానన్నారు. చూడనీ."

ఆదివారం పొద్దున్నే విజయవాడ వాళ్ళే మా ఇంటికి వచ్చారు. ఇద్దరు. ఒకరు ఆ మేడమే, పేరు జుబియా. వన్ టౌన్ పిల్ల, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. రెండోవాడు డేనియల్, రైల్వేలో ఫిట్టరు. సెలవు దొరికితే గుహల్లోకి దూరే పిచ్చి. ఇప్పుడు గబ్బిలాలను గుర్తుపట్టి లెక్క రాయడం నేర్చుకుంటున్నారు. వాళ్ళు రాసిన సున్నాను కంట్రాక్టరు తన కాగితాలకు జతచేశాడని నిన్ననే తెలిసిందట.

"చాచా, మేం కొత్తవాళ్ళం. కనపడలేదు కాబట్టి సున్నా రాశాం. లేవు అని కాదు," అంది జుబియా. మొహం వాడిపోయి ఉంది. "మీరు ఆ గనిలో చేశారని ఊళ్ళో చెప్పారు. ఒక్కసారి వస్తారా?"

చెప్పులు వేసుకున్నాను.

సొరంగం మూతి దగ్గర డేనియల్ నా నెత్తిన టోపీ పెట్టి తాడు బిగించాడు. "తాతగారూ, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నీకంటే బాగా."

లోపల నూట యాభై అడుగులు నడిచాం. నాకు దీపం అక్కర్లేకపోయింది. కాళ్ళకు తెలుసు. వాళ్ళు అడుగడుక్కీ లైటు పైకి వేసి కప్పు వెతుకుతున్నారు. గబ్బిలం అంటే కప్పుకే వేలాడుతుందని వాళ్ళకెవరు చెప్పారో. నేను కింద చూశాను. నల్లగా బియ్యపు గింజంత పెంట. ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాను. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది. ఇది పొడి అయిపోయింది. ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు మెరిశాయి. చెయ్యి జుబియా లైటు కింద పెట్టాను.

"యా అల్లా," అంది. "కాలి కిందే ఉంది. రెండుసార్లు తొక్కుకుంటూ పోయాం."

"ఎక్కడి దాకా పోయారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరి గోడకు ఇరవై అడుగుల ఇవతల ఆగిపోయారట. గోడ మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు ఉంది. అంటే పేలని మందని ఊరివాళ్ళు చెప్పారట. అక్కడి నుంచే కప్పు మీద లైటు వేసి, ఏమీ లేదని తిరిగి వచ్చారు.

"ఎన్ని ఇంటూలు?" అన్నాను.

"ఒకటే," అన్నాడు డేనియల్.

"గుంతలు ముప్పై ఆరు. ఒకదాని కోసం ముప్పై ఐదు వదిలేశారు."

ఆ ఇంటూ నేను పెట్టిందే. ఆఖరి రోజుకి ముప్పై ఆరు తొలిచి ఉంచాం. ముందుగా ఒకదానిలో మందు కూరి బంకమట్టితో మూసి అంటించాం. పేలలేదు. పేలని గుంతకు, మందు పెట్టినవాడే సున్నంతో ఇంటూ పెడతాడు. దాన్ని వాడే తియ్యాలి. ఇంకొకడు చెయ్యి వెయ్యడు, వాడి అన్న అయినా సరే. మర్నాడు తియ్యాలనుకున్నాం. మర్నాడు గని లేదు. తక్కిన గుంతలు ఖాళీగానే ఉండిపోయాయి.

వాళ్ళను గోడ దగ్గరకు తీసుకువెళ్ళాను. "నడుం వరసలో ఏడోది. దాని మీద ఊపిరి కూడా వదలొద్దు. తక్కినవి మనవి."

రాయి తొలిచేవాళ్ళకు గోడ మీద మూడు వరసలుంటాయి. కూర్చుని తొలిచేది మోకాలి వరస, నిలబడి తొలిచేది నడుం వరస, రాయి ఎక్కి తొలిచేది తల వరస. వరసకు పన్నెండు. కొన్ని గుంతల మూతులు గోధుమ రంగు తిరిగి, జిడ్డు పట్టి నున్నగా ఉన్నాయి. మేం తొలిచిన నాడు ఆ అంచులు చేతులు కోసేవి.

జుబియా తన లైటుకు ఎర్ర కాగితం కట్టింది. ఇక్కడ ఆమె నాకు నేర్పింది. గుంతకు ఒక్కసారే చూడాలి, నాలుగు ఊపిర్లు మించకూడదు. నిద్ర చెడితే ఒంట్లో బలం పోతుంది. ముట్టకూడదు, మాట్లాడకూడదు, ఫొటో తియ్యకూడదు. ఒకసారి చూసిన గుంతలోకి ఆ రోజు మళ్ళీ చూడకూడదు.

మొదటి గుంతలో కన్ను పెట్టాను. నా బొటనవేలంత ప్రాణి వెనక్కి నక్కి కూర్చుని ఉంది. ముడత పడిన చెవులు. కాసేపటికి దాని భుజం పక్క నుంచి ఇంకో చెవి కదిలింది. ఆ గుంతను నేను రెండు పూటలు తొలిచాను. ఎవరికోసమో తొలిచానని ఆ రోజు తెలియదు.

రెండు గంటలు పట్టింది. నేను వేళ్ళు చూపిస్తే జుబియా ఫారంలో రాసింది. చోటు అన్న గడిలో నన్ను అడిగి మోకాలి వరస, నడుం వరస, తల వరస అనే రాసింది. పంతొమ్మిది గుంతల్లో నలభై ఒకటి.

బయటికి వచ్చాక డేనియల్ ఎగిరి గంతేశాడు. తరువాత వాడికో ఆలోచన వచ్చింది. "తాతగారూ, రేపు ఆఫీసరు నమ్మకపోతే? లోపలికెళ్ళి అన్ని గుంతలకీ సున్నం ఇంటూలు కొట్టేద్దాం. ఇక ఏ డ్రిల్లరూ ఆ గోడ ఛాయలకి రాడు."

నాకు కోపం అరుదుగా వస్తుంది. "ఆ గుర్తు చూసుకునే మేం ప్రాణాలతో ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఒకసారి అబద్ధానికి పెడితే రేపు నిజం గుర్తును ఎవడు నమ్ముతాడు?"

"గబ్బిలాల కోసం కదా..."

"ఎవరి కోసమైనా."

డేనియల్ తల గోక్కున్నాడు. జుబియా ఫారం మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

సోమవారం విచారణకు వెళ్ళాం. ఆఫీసరు కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. సుబ్బరత్నం రెండు ఫారాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"చూడండి సార్. పోయిన నెల సున్నా. నిన్న నలభై ఒకటి. రెండూ ఈ మేడం చేతిరాతే. ఒక్క నెలలో ఎక్కడి నుంచి దిగాయండీ? బస్సెక్కి వచ్చాయా?"

గదిలో నలుగురు నవ్వారు. జుబియా లేచి నిలబడింది.

"సున్నా నాదే సార్. తప్పు నాదే. భయపడి గోడ దాకా వెళ్ళలేదు. వెళ్ళకుండానే రాశాను."

"నలభై ఒకటి ఎవరు లెక్కపెట్టారు?" అన్నాడు ఆఫీసరు.

"నేను," అన్నాను.

"మీరెవరు?"

"ఆ గుంతలు తొలిచినవాణ్ణి."

సుబ్బరత్నం అందుకున్నాడు. "మూడో తరగతి సార్ ఆయనది. పైగా అక్కడ పేలని మందు ఉంది. ఆయనే ఒప్పుకుంటాడు. ఊరికి ప్రమాదం. మొత్తం పేల్చేయడమే మంచిది."

"మందు నేను పెట్టాను," అన్నాను. "గుర్తు నాది. ఎవడి గుర్తు మీద వాడే చెయ్యి వెయ్యాలి. మీ డ్రిల్లర్లను అడుగు, ఇది వాళ్ళకీ తెలుసు. నేను వెయ్యను. నేను బతికుండగా ఆ గోడ మీద ఇంకొకడు జంపరు పెట్టడు."

అన్ని మాటలు ఒక్కసారి నేను మాట్లాడి చాలా ఏళ్ళయింది.

"ముస్తాక్‌ని రేపటి నుంచి రావద్దని చెప్పండి," అన్నాడు సుబ్బరత్నం, నా వైపు వంగి, మెల్లగా.

"నువ్వే చెప్పు. తాళాలు నీ దగ్గరే పెట్టాడు పొద్దున."

నిజమే. ఆ పొద్దున వాడు టిప్పరు తాళాలు క్రషరు ఆఫీసు మేకుకు తగిలించి వచ్చాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. నసీమా చెప్పింది, పొయ్యి ఊదుతూ, తిట్లు కలిపి.

ఆఫీసరు రెండు ఫారాలూ తిప్పి తిప్పి చూశాడు. "గురువారం నేనే వస్తాను. చూసేదాకా కొండ మీద ఏదీ పేలకూడదు," అన్నాడు.

గురువారం వచ్చాడు. ప్యాంటు మడిచి సొరంగంలోకి దిగాడు. సుబ్బరత్నం వెనకాలే వచ్చాడు, ముక్కుకు రుమాలు కట్టుకుని. నేను ఆఫీసరును మోకాలి వరస నాలుగో గుంత దగ్గర కూర్చోబెట్టాను. ఎర్ర లైటు చేతికిచ్చి, నాలుగు ఊపిర్లు అన్నాను. ఇద్దరం చెంపకు చెంప ఆనించి చూశాం. లైటు ఆర్పించాను.

ఆయన లేచాడు. మోకాళ్ళకు మట్టి అంటింది. తరువాత జేబులోంచి పెన్ను తీసి, పాత ఫారంలో సున్నాను అడ్డంగా కొట్టేశాడు. "రెండు," అని రాయబోయాడు.

"మూడు," అన్నాను.

"రెండే చూశాను నేను."

"వెనక ఇంకోటి ఉంది."

"అయితే మళ్ళీ చూస్తాను, ఉండండి." లైటు కోసం చెయ్యి చాచాడు.

నేను ఇవ్వలేదు. "ఒక్కసారే. రేపు రండి."

"సాయిబూ, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అని సుబ్బరత్నం కేకేశాడు. సొరంగంలో ఆ కేక రెండుసార్లు తిరిగింది. గుంతలో చిన్నగా గీరిన చప్పుడు.

"అరవకండి," అన్నాడు ఆఫీసరు అతనితో. నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, రెండయినా మూడయినా ఒకటే. సున్నా కాదని తేలింది. వానాకాలం దాకా సర్వే చెయ్యమని రాస్తాను, అప్పటిదాకా మందు బంద్. చాలా? రెండని రాసుకోనివ్వండి."

"మీరు రెండు చూశారు. రెండు రాయండి. మీ పేరు పెట్టండి."

ఆయన రాసి సంతకం పెట్టాడు. నేను ఫారం అడిగి తీసుకున్నాను. జుబియా పెన్ను ఇచ్చి, తన సంచి నా మోకాలి మీద బల్లగా పెట్టింది. ఆయన సంతకం కింద, గడి లేని చోట, ఒక్కో అక్షరమే పెట్టి రాశాను. మూడు. షేక్ యాసిన్.