పడుగు మీద నీడ

"నీళ్ళల్లో రాయేస్తే మునుగుతాదని చెప్పేదానికి జీతమంట. అది తెలీని గొడ్డన్నా ఉండాదా ఈ లోకంలో?"

గిడ్డమ్మ ఈ మాట కోడలి మొహం చూసి అనలేదు. చేతిలోని చాటకూ అందులోని జొన్నలకూ చెబుతున్నట్టు అంది. రాట్నం ముందు కూచున్న అంజనమ్మకు వినపడాలనే అంది. అంజనమ్మ బదులు చెప్పకుండా ఇంకో కండె తగిలించి నూలు చుట్టడం మొదలుపెట్టింది. బదులు చెబితే మాట పెరుగుతుంది, మాట పెరిగితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే లోపల మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూచున్న మద్దయ్య "కండెలేవీ?" అని కేకేస్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మనిషి ఆమెతో ఎక్కువగా ఆడిన మాట అదే.

అది మద్దయ్య మగ్గం. దాని మీది చీర మద్దయ్య చీర. సంతలో ఎవరైనా అంచు పట్టి చూసి, శానా బాగుండాది, ఎవురు నేసినారు అంటే, మద్దయ్య అంటారు. నూలు తడిపిందీ, ఆరేసిందీ, చిక్కు తీసిందీ, కండె చుట్టిందీ, గంజి కాచిందీ ఎవరని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. అంజనమ్మ మటుకు తనను తాను అడుగుతుంది. ఈ మధ్య మరీ ఎక్కువగా అడుగుతోంది. కాలు ఒకచోట నిలవదు, మనసు అసలే నిలవదు. రాట్నం తిప్పుతూంటే తను పిల్లలను చూసుకునే బాలవాడి గుర్తొస్తుంది, బాలవాడిలో ఉంటే చుట్టాల్సిన కండెలు గుర్తొస్తాయి.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆ నేతగాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లల బడి, బాలవాడి, పెట్టారు. ఎనిమిదో తరగతి చదివిన ఆడది ఆ వీధిలో అంజనమ్మ ఒక్కతే. కర్నూలుకు శిక్షణకు పంపడానికి మద్దయ్య ఒప్పుకున్నాడు, ఇంటికి నాలుగు దుడ్లు వస్తాయని. గిడ్డమ్మ కూడా ఒప్పుకుంది, కండెలకు లోటు రాకూడదని. అంజనమ్మకు ఏం కావాలో ఎవరూ అడగలేదు గానీ, అక్కడ శిక్షణ ఇచ్చిన విశ్వాసమ్మగారు మొదటి రోజే ఒక మాట చెప్పింది. "బిడ్డలకు జవాబు ముందే నోట్లో పెట్టకండి. వాళ్ళ చేతులకు పని చెప్పండి, చూడనివ్వండి, తప్పు చెప్పనివ్వండి." ఆడదాని చేతికి పని చెప్పేవాళ్ళను పుట్టింది మొదలు చూస్తూనే ఉంది అంజనమ్మ. చూసి నువ్వే చెప్పు అన్న మనిషిని మాత్రం అప్పుడే చూసింది. ఆ మాటకు లోపలేదో కదిలింది, మళ్ళీ సర్దుకోలేదు.

పాత నూలు గిడ్డంగి ఒకటి బాలవాడి అయింది. నాలుగేళ్ళవాళ్ళూ అయిదేళ్ళవాళ్ళూ, ముక్కులు కారుతూ వస్తారు. అంజనమ్మ తొట్టెలో నీళ్ళు పోసి రాయి, చింతగింజ, కొబ్బరిచిప్ప, ఖాళీ కండె వేయిస్తుంది. ఏది మునుగుతుందో ముందుగా చెప్పమంటుంది. తప్పు చెప్పిన పిల్లలు తామే విరగబడి నవ్వుతారు. తాలూకా నుంచి వచ్చిన ఆఫీసరు చూసి, "పద్యాలు నేర్పకుండా నీళ్ళాట ఆడిస్తున్నావేమమ్మా" అని విసుక్కున్నాడు. ఇంట్లో అత్త, ఇక్కడ ఆఫీసరు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారేమో అనుకుంది అంజనమ్మ.

పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైంది నీడల ఆట. పొద్దున ఎండలో ఒకరు నిలబడితే ఇంకొకరు నేల మీద నీడ చుట్టూ ముగ్గుపిండి పోస్తారు. బువ్వ తిని వచ్చేసరికి నీడ ముగ్గులోంచి తప్పుకుని ఉంటుంది. బావి పక్క కొట్టంలో ఉండే హంపమ్మ కూతురు గంగికి మొదటిసారి నమ్మకం కలగలేదు. ముగ్గును ఎవరో జరిపారని తగువు పెట్టుకుంది. మర్నాడు తనే కాపలా కూచుని చూసింది. పొద్దు ఇటుంటే నీడ అటు పడుతుందని ఆ పిల్ల కనిపెట్టిన రోజు, అంజనమ్మ ఇంటికి పోతూ దారంతా ఒంటరిగా నవ్వుకుంది.

ఆ వీధికి ఒక ఆచారం ఉంది. తెల్లవారుజామున ఇళ్ళ ముందరి బయల్లో, వరసగా నాటిన కర్రల మీద పడుగును, మగ్గానికెక్కించే నిలువు పోగులను, పొడుగ్గా పరుస్తారు. మగవాళ్ళు రెండు పక్కలా నడుస్తూ కుంచెలతో గంజి పట్టిస్తారు. పొద్దెక్కేలోపు గంజి పోగుపోగుకూ పట్టి ఆరాలి. ఆ సమయంలో బయట చేరిన ఆడదాని నీడ గానీ మొగుడు పోయినదాని నీడ గానీ పడుగు మీద పడకూడదు. పడితే పోగులు తెగుతాయి. తెగితే ఆ ఇంటికి ఆ వారం కూడు లేనట్టే. బయట ఉన్న రోజుల్లో నూలు కూడా ముట్టుకోనివ్వరు. నిజం చెప్పాలంటే అంజనమ్మకు ఆ రోజులే ఇష్టం. రాట్నం ఉండదు. పంచలో చాప మీద కూచుని, రేపు పిల్లలతో ఏం చేయించాలా అని హాయిగా ఆలోచించుకోవచ్చు. బాలవాడికి మాత్రం ఆ రోజుల్లోనూ పోతుంది. అక్కడ పిల్లల ముక్కులు తుడిచినా ఏమీ కాదు, ఇక్కడ పోగును తాకితే మటుకు తెగుతుందట.

అలా పంచలో ఉన్న రోజుల్లోనే ఒకనాడు, ఆమె బాలవాడికి బయల్దేరి తమ ఇంటి పడుగు పక్కగా నడిచి పోతూండగా, వెనక పటపటమని పోగులు తెగాయి. ఒకటి రెండు కాదు, గుత్తులుగా తెగాయి. కంబన్న కుంచె పక్కన పెట్టాడు. వీధికి ఆయన పెద్ద, ఎవరి పడుగుకైనా ఆయన చెయ్యి పడాల్సిందే. పొద్దున్నించీ పడమటి గాలి ఎండుగా కొడుతోందని ఆయనే అంతకు ముందు సణిగాడు. ఇప్పుడా గాలి ఎవరికీ గుర్తు రాలేదు. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ.

"చూస్తిరా? మైల మనిషి పడుగు పక్కన ఊరేగతాంటే పోగు నిలుస్తాదా?" అంది గిడ్డమ్మ, నలుగురినీ పిలిచి. "ఈ పొద్దుతో ఆ బడి చాలు. ఇంటి పట్టున ఉండమను."

బడి పోతే ఇక ఈ పంచ, ఈ రాట్నం, "కండెలేవీ" అనే కేక. అంతే బతుకు. అంజనమ్మ మద్దయ్య వైపు చూసింది. అతను తెగిన పోగుల వైపు చూస్తున్నాడు. అప్పుడామె పక్కనున్న కర్ర ఒకటి తీసి నేలలో గుచ్చింది.

"కంబన్న మామా, పొద్దు యాడుండాది?"

"అద్దో, బాయి పక్క."

"కర్ర నీడ ఏ పక్క పడిండాది?"

ఆయన చూశాడు. "మీ ఇండ్ల పక్క."

"నేను పోయింది కూడా మా ఇండ్ల పక్కనే గదా మామా. నా నీడ మా గోడ మీద పడుతుంది గానీ, తిరిగొచ్చి పడుగు మీద ఎట్ల పడుతుంది?"

కంబన్న ఇటు నిలబడి చూశాడు, అటు నిలబడి చూశాడు. తన నీడ వెంట తనే మెడ తిప్పాడు. చివరికి తలాడించి, "పిల్ల చెప్పేది న్యాయమే. నీ కోడలి తప్పు లేదు, గిడ్డమ్మా" అన్నాడు. అంజనమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో ఎంత సంతోషించిందంటే, అత్త తరువాత అనబోయే మాట ఆమెకు తట్టనే లేదు.

"అట్లయితే పొద్దు పక్క ఎవురుండ్రి?" అంది గిడ్డమ్మ.

అందరి తలలూ బావి వైపు తిరిగాయి. ఆ పక్క ఉన్నది ఒకటే కొట్టం. వాకిట్లో హంపమ్మ, నీళ్ళకుండ చంకలో పెట్టుకుని అలాగే నిలబడి పోయింది.

హంపమ్మ మొగుడు పోయి రెండు వానకార్లయింది. వీధిలో నాలుగిళ్ళకు కండెలు చుట్టి బిడ్డను సాకుతోంది. ఆ సాయంత్రానికి నాలుగిళ్ళూ నూలు వెనక్కి తీసుకున్నాయి. పడుగు పరిచే పూట గడప దాటొద్దన్నారు. మద్దయ్య ఆ రోజు అన్నం తింటూ, "మా దానికి బుర్ర ఉండాదిలే" అన్నాడు. పెళ్ళయ్యాక అతను ఆమెను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అంజనమ్మ లేచిపోయి గంజి పొయ్యి మీద పెట్టింది. నేను తప్పించుకోవడానికి చెప్పింది నిజమే, మరి దాంతో ఇంకొకతె మెడకు ఉరి ఎట్లా పడింది? నీడ ఎటు పడుతుందో చెప్పాను గానీ, నీడకు పోగు తెగదని ఎందుకు చెప్పలేదు? ఆ మాటకు వీధి ఒప్పుకోదని. ఒప్పుకునేంత వరకే చెప్పి నా బడి నేను కాపాడుకున్నాను. ఆలోచన సుడి తిరుగుతూనే ఉంది, గంజి అడుగంటింది, గిడ్డమ్మ తిట్టింది, అదీ సరిగ్గా వినపడలేదు.

ఆగలేక అంజనమ్మ హంపమ్మ కొట్టానికి పోయింది. "హంపక్కా, నేను అట్ల కావాలని చెప్పలేదు."

"నువ్వు అబద్ధం చెప్పలేదు గదమ్మా. పొద్దు నా పక్కనే ఉండ్య." హంపమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీకు మూడు దినాలైతే పోతాది మైల. నాది ఏ నీళ్ళు పోసుకుంటే పోతాది?"

అంజనమ్మ మొగుడితో చెప్పి చూసింది. హంపమ్మకు నూలు ఇప్పించమంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నీ మీదికి రాలేదు, సంతోషించు" అని మద్దయ్య అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తరువాతి వారం బాలవాడిలో పిల్లలంతా నీడల ఆటకు ఎండలోకి పరిగెత్తారు. గంగి మాత్రం గడప లోపలే నిలబడింది. పిలిస్తే రాలేదు. అంజనమ్మ దగ్గరికి పోయి కూచుంది.

"ఏం గంగమ్మా, రావా?"

"మా అమ్మ నీడ చెడ్డదంట టీచరమ్మా. మా అమ్మ ఎండలోకి రాదు." ఆ పిల్ల తన కాళ్ళ చుట్టూ నేలంతా వెదికి చూసుకుంది. "నాది గూడ చెడ్డదేమో. ఈడైతే నీడే ఉండదు."

పొద్దుకు ఎదురు పక్క నీడ పడుతుందని కాపలా కూచుని కనిపెట్టిన పిల్ల, ఆ తెలివితోనే ఎండకు దాక్కుంటోంది. అంజనమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏదో చెప్పబోయింది. వీధి చూపించినదాన్ని మాటలతో తుడవలేం, చూపించాల్సిందే. కానీ దానికి తన దగ్గరున్నది తన ఒళ్ళొక్కటే. ఇంటికి పోయి వంట చేసింది, కండెలు చుట్టింది, భయపడింది, మళ్ళీ కండెలు చుట్టింది.

మరుసటి నెల ఆమె పంచలో చేరిన మర్నాడే వాళ్ళ ఇంటి పడుగు పరిచారు. మద్దయ్య ఒక పక్క, కంబన్న ఒక పక్క కుంచెలు పట్టుకుని నడుస్తున్నారు. పొద్దు అప్పుడే పైకొచ్చింది. పడమటి గాలి మళ్ళీ లేచింది. గాలికి తెగినా తన నీడకే తెగిందంటారని అంజనమ్మకు తెలుసు. ఒక్కసారి చేస్తే ఏదీ తేలదని పిల్లలకు తనే నేర్పింది. ఇవాళ ఊరుకుని ఇంకో నెల చూద్దామా అని కూడా అనిపించింది. బావి పక్క కొట్టం తలుపు మూసి ఉంది. లోపల తల్లీ బిడ్డా చీకట్లో కూచుని ఉంటారు.

చాప మీంచి లేచింది. పడుగును దాటకుండా చివరిదాకా పోయి, చుట్టూ తిరిగి, బావి పక్కకొచ్చి నిలబడింది. పొద్దుటి నీడ పొడుగు గదా, మనిషంత మనిషి నల్లగా తడి పోగుల మీద పడింది. తల, భుజాలు, కొంగు, అన్నీ. కంబన్న కుంచె పట్టుకున్న చెయ్యి పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ఏమే, నీకేమన్నా దెయ్యం పట్టిండాదా? పక్కకు రా" అన్నాడు మద్దయ్య.

"నేను బయట ఉండాను. అందరికీ తెలుసు" అంది అంజనమ్మ. "ఈ పొద్దు హంపక్క నీడ లేదు, నాదే ఉండాది. గంజి పట్టించండి. ఆరిందాకా ఈడనే ఉంటా. మీరు నేసిందాకా చూస్తా."

గిడ్డమ్మ వాకిట్లోంచి రొమ్ము బాదుకుంటూ వచ్చింది. తడి పడుగు పక్కన ఆగి, కోడలి మొహంలో వేలు పెట్టి చెప్పింది. "ఇనుకో. ఈ పడుగులో ఒక్క పోగు తెగినా బడికి పోయేది లేదు, నా గడప తొక్కేది లేదు."

"సరే అత్తా," అంది అంజనమ్మ, కదలకుండా. "తెగకుంటే?"