కట్టెయ్యమంటే కట్టేసింది

ఒక్క పూట నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కారు సంగతి నేను చూసుకుంటానని లీల మొగుడికి ముందే చెప్పింది. వాసుదేవరావు సరేనన్నాడు. అన్నాడే గాని, నోరు మూసుకోవడం ఆయన జాతకంలో లేదు. ముప్పయ్యేళ్ళు కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించి రిటైరైన మనిషాయె. డెట్రాయిట్ పక్కనున్న నోవైలో ఎవరింటి కారు దగ్గినా పిలవని పేరంటంలా వెళ్ళి బానెట్టు ఎత్తిస్తాడు. అలాంటివాణ్ణి సొంత గరాజ్‌లో స్టూలు మీద కూర్చోబెట్టి దేన్నీ ముట్టుకోవద్దంటే ఆ ప్రాణం ఎంత గిలగిల్లాడుతుందో మీరే చెప్పండి.

కారు లీలది. అరవైల నాటి ఎర్ర కన్వర్టిబుల్. డెట్రాయిట్ ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేరిన కొత్తల్లో, డ్యూటీ దిగిన ఓ నర్సు అలాంటి కారులో తలకి కట్టుకున్న స్కార్ఫు ఎగరేసుకుంటూ వెళ్ళడం చూసింది. అంతే, మనసు పారేసుకుంది. రిటైరయ్యాక వెతికి వెతికి కొనుక్కుంది. కొనుక్కుని ఏం లాభం? "ఇది క్లచ్ కారు లీలా, నీకు అలవాటు లేదు," అంటూ ప్రతిసారీ ఆయనే తోలాడు. ఈవిడ పక్క సీట్లో చున్నీ ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చుంది. ఆయన పరధ్యానంలో ఉన్నప్పుడు గరాజ్‌లోనే క్లచ్ తొక్కి చూసుకునేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

చివరికి ఇంజన్ని తిప్పి లేపే స్టార్టర్ మోటారు చచ్చిపోయింది. కారు చలికాలమంతా గరాజ్‌లో పడి నిద్రపోయింది. ఇంక దీన్ని తన స్నేహితుడు రాజారావుకి ఇచ్చేద్దామన్నాడు వాసుదేవరావు. లీలకి ఒళ్ళు మండింది.

"మత్తిచ్చి పడుకోబెట్టిన మనుషుల్ని జీవితమంతా లేపాను. దీన్ని లేపలేనా?"

"లేపు, చూద్దాం. ఎవరూ తొయ్యకుండా, ఎవరూ బయటికి లాక్కుండా శనివారం పొద్దున్న కారు గరాజ్ గుమ్మం దాటితే స్టీరింగు నీది. వుడ్‌వార్డ్ రోడ్డు మీద పాతకార్ల ఊరేగింపులో నువ్వే తోలు. నేను పక్కన కిక్కురుమనకుండా కూర్చుంటా. దాటలేదో, రాజారావు ట్రైలర్ మీద పట్టుకుపోతాడు."

ఈ మాటలు వాళ్ళ కూతురు దేదీప్య అరోరా అనే ఊరి నుంచి స్పీకర్ ఫోన్‌లో వింది. అక్కడ ఆ పిల్ల లాయరు. పుట్టింది, పెరిగింది ఈ దేశంలోనే. "నాన్నా, స్లోగా ఇంకోసారి చెప్పు," అని మొత్తం మళ్ళీ చెప్పించుకుంది. శుక్రవారానికల్లా వచ్చేసి తల్లితో కలిసి కారు కింద దూరింది. ఇద్దరూ ముక్కుల నిండా గ్రీజు పూసుకుని కొత్త మోటారు బిగించారు. వైర్లు కలపడం ఒక్కటే శనివారానికి మిగిలింది.

శనివారం పొద్దున్నే రాజారావు ఊడిపడ్డాడు. రిటైరైన పళ్ళ డాక్టరు, వాసుదేవరావుకి పాత స్నేహితుడు. ట్రైలర్‌ని రోడ్డు మీద ఆపి, బంతిపూల దండ, నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. ఇటునుంచి ఇటే గుడికి తీసుకెళ్ళి వాహనపూజ చేయిస్తాడట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. పైగా గుమ్మం బయట, సరిగ్గా టైర్లు వచ్చే చోట నిమ్మకాయలు పెట్టేశాడు. పెట్టి, పచ్చిక మీద కుర్చీ వేసుకుని లీల చేసిన పెసరట్టే తినడం మొదలెట్టాడు. కారు పోతుందేమోనన్న భయం లీలకి అప్పుడే మొదటిసారి నిజంగా వేసింది.

చున్నీ నడుముకి బిగించి బానెట్టు మీదకి వంగింది. పని కష్టమైందేం కాదు. బ్యాటరీ నుంచి ఓ లావు వైరు వస్తుంది, మోటారు నుంచి ఇంకోటి. రెంటికీ మధ్య ఓ స్విచ్చి డబ్బా, దానికి అటో బోల్టు, ఇటో బోల్టు. తాళం తిప్పితే డబ్బా ఆ రెంటినీ కలుపుతుంది, వదిలేస్తే విడదీస్తుంది. లీల ఒక్కో వైరుని ఒక్కో బోల్టుకి శుభ్రంగా బిగించింది.

"తప్పు. రెండూ ఒకే బోల్టుకి పెట్టాలి. స్విచ్చి మోటారులోనే ఉంటుంది," అన్నాడు స్టూలు మీది పెద్దమనిషి.

ఈ కాలపు కార్లలో ఉంటుంది, కాదనం. ఇది ఈ కాలపు కారు కాదన్న ముక్క ఆ మహానుభావుడికి తట్టలేదు. లీల తటపటాయించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడో ఒకసారి ఆయన మాట నిజమైన సందర్భాలూ ఉన్నాయి. ఖర్మ కాకపోతే, వైరు విప్పి ఆయన చెప్పిన బోల్టుకే మార్చింది. ఇప్పుడిక డబ్బాకి పనే లేదు, బ్యాటరీ తగిలితే చాలు మోటారు తిరగాల్సిందే.

"బ్యాటరీ క్లిప్పు పెట్టమ్మా," అంది కూతురితో.

దేదీప్య పక్కన నిలబడి క్లిప్పు ఆనించింది. చిటపటమని రవ్వ లేచింది, మోటారు గుర్రుమంది. తాళం లీల జేబులోనే ఉంది. అదొక్కటేనా? వాసుదేవరావుకి హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం లేదు. కారుని రివర్సులో లోపల పెట్టి, ఫస్ట్ గేరులో వదిలెయ్యడం ఆయన అలవాటు. మోటారు ఇంజన్ని తిప్పింది, ఇంజను చక్రాల్ని తిప్పింది, కారు ఎంచక్కా వీధి వైపు నడక సాగించింది.

"కట్టెయ్, కట్టెయ్," అంది లీల.

స్టవ్వు కట్టెయ్, ఫ్యాను కట్టెయ్ అన్నట్టే, ఆపెయ్యమని అంది పాపం. కానీ దేదీప్యకి తెలిసిన కట్టెయ్ వేరు. డాన్సు క్లాసు ముందు గజ్జెలు కట్టెయ్, పెళ్ళికెళ్ళే ముందు చీర కట్టెయ్, అంతే. తల్లి మాట జవదాటని పిల్ల. నడుస్తున్న కారు పక్కనే తనూ నడుస్తూ, క్లిప్పుని అదిమిపెట్టి స్పానర్‌తో బిగించేసింది.

"టైట్‌గా కట్టేశానమ్మా. ఇంక ఊడదు."

వాసుదేవరావు స్టూలు తన్నేసి వెళ్ళి వెనక బంపరు పట్టుకున్నాడు. కారు ఆయన్ని కూడా ఈడ్చుకుంటూ గుమ్మం దాటింది. నిమ్మకాయలు చితికి రసం చిమ్మింది. రాజారావు పెసరట్టు ప్లేటుతో సహా లేచి మెయిల్‌బాక్సు వెనక్కి చేరాడు. లీలకి భయం ఎటు పోయిందో గాని, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే పరిగెత్తి, తలుపు లాగి, సీట్లో పడి, క్లచ్చూ బ్రేకూ ఒక్కసారే తొక్కింది. కారు ఆగింది. మోటారు మాత్రం ఇంకా గుర్రుమంటోంది.

"ఇప్పుడా క్లిప్పు ఊడదియ్యి తల్లీ," అంది ఆచితూచి.

మోటారు సద్దుమణిగాక వాసుదేవరావు ఆయాసపడుతూ వచ్చాడు. "ఇది చెల్లదు. ఇంజను స్టార్టవలేదు."

"ఇంజను అనే వర్డ్ నువ్వు అన్లేదు నాన్నా. నేను రెండుసార్లు విన్నాను. ఎవరూ తొయ్యకుండా, బయటికి లాక్కుండా గుమ్మం దాటాలి అన్నావు. ఎవరు తోశారు?"

"తొయ్యలేదు. లాగింది నువ్వొక్కడివే వాసూ, అదీ లోపలికి," అన్నాడు రాజారావు మెయిల్‌బాక్సు వెనకనుంచి. వచ్చి, చితికిన నిమ్మకాయల కేసి ఓసారి చూసి, దండని లీల చేతిలో పెట్టాడు. "ఎవరు తొక్కించారో బండి వాళ్ళదేనమ్మా. వాహనపూజ కూడా అయిపోయింది."

లీల ఎవరి సలహా అడక్కుండా వైరు మళ్ళీ తన బోల్టుకి మార్చింది. గేరు తీసి, క్లిప్పు బిగింపించి, తాళం తిప్పింది. మత్తు వదిలిన మనిషిలా కారు రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా మోగింది. ఆ చప్పుడుకి లీలకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత సంతోషం ఈ వయసులో ఉంటుందని తను అనుకోలేదు.

వాసుదేవరావు బుద్ధిగా పక్క సీట్లో ఎక్కాడు. వెనకనుంచి దేదీప్య, "నాన్నా, బెల్టు కట్టెయ్," అంది. మాట్లాడకూడదు కదా, ఆయన దిక్కులేని చూపు పెళ్ళాం కేసి చూశాడు.

"బిగించుకోమని," అంది లీల.

వీధి చివర స్టాప్ సైన్ దగ్గర లీల క్లచ్ తొక్కడం ఆలస్యమై ఇంజను ఆగిపోయింది. ఆయన నోరు తెరవబోయి, పందెం గుర్తొచ్చి మూసుకున్నాడు. లీల తాళం తిప్పింది. తన చేత్తో వైర్లు కలిపిన మోటారు మళ్ళీ గుర్రుమంది, కారు లేచింది. తర్వాతి సిగ్నల్ దగ్గరా అంతే. వుడ్‌వార్డ్ చేరేసరికి కాలికి క్లచ్ పట్టుబడింది. ఎండ ఫెళఫెళలాడుతోంది, ముందూ వెనకా రంగురంగుల పాతకార్లు, రోడ్డు పక్కన కుర్చీలేసుకున్న జనం చేతులూపుతున్నారు. లీల నడుముకున్న చున్నీ విప్పి, తలకి చుట్టి ముడేసుకుంది. దాని కొస వెనక్కి రెపరెపలాడింది.

వాసుదేవరావు గభాలున చెయ్యి చాపి ఆ కొస పట్టుకున్నాడు.

"వదిలెయ్యండి," అంది లీల.

ఆయన వదిలేశాడు.