యాభై ఆకుల కట్ట

పొద్దున ఐదింటికే తబిత మూడు రకాల వంట మొదలుపెడుతుంది. షుగరున్న అత్త అంతోనమ్మకు జొన్నరొట్టె, ఉప్పు తక్కువ పప్పు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే మొగుడు శాంతికుమార్‌కు కారం దండిగా వేసిన కూర. కొడుక్కి చప్పిడన్నం. తనకేమో గిన్నెల అడుగు. రెండు నెలల కింద మండలంలో తనలాంటి టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టి, తరగతి ఒక్కటే గానీ పిల్లలంతా ఒక్కటి కాదు, ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు చెప్పాలని ఒక సారు కొత్త సంగతి కనిపెట్టినట్టు చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. పన్నెండేళ్లుగా పొయ్యి దగ్గర తను చేస్తున్నది అదే. ఏ మారాజూ దానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఎవరి స్థాయి ఎంతో తేల్చేది కూడా ఆ ఇంట్లో ఒక్కరోజు పరీక్షే. పెళ్లయిన మూడోనాడు చేపల పులుసు మాడింది. "దీనికి ఏం తెల్వదురా" అని అత్త కొడుకుతో అన్నది. అంతే. అప్పటినుంచి ఏ విషయంలోనూ ఆమెను అడిగినవాళ్లు లేరు.

అశ్వారావుపేట పామాయిల్ తోటలు దాటి, ఆటో దిగి, అడవిలో రెండు కిలోమీటర్లు నడిస్తే తబిత బడి. శిక్షణ నుంచి రాగానే ఆమె పిల్లలకు పరీక్ష పెట్టి మూడు గుంపులు చేసింది. ఏమీ రానివాళ్ల మూడో గుంపును గడప దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టింది. వేరే చోటు లేదు మరి. అక్కడ ఐదో తరగతి హేమ్లా జోగి రెండు నెలలు మోకాళ్లలో తల దూర్చుకుని కూర్చుంది. ఇంట్లో కోయభాష. తెలుగు అక్షరాలే గుర్తుపట్టదు.

నిన్న బీడీల తునికాకు ఎండేసే కళ్లం పక్కనుంచి వస్తూ తబిత ఊరికే అడిగింది: "మీ అమ్మ ఎన్ని కట్టలు కట్టింది జోగీ?"

"ముప్పై ఏడు. ఆకులైతే పద్దెనిమిది వందల యాభై, టీచర్."

కట్టకు యాభై ఆకులు. వేలు మడవలేదు, తడుముకోలేదు. తబితకు అప్పుడు తట్టింది. లెక్కల పరీక్ష కూడా తను తెలుగులో రాసిచ్చి, చదవలేని పిల్లకు లెక్కలు రావని రాసేసింది! రెండు నెలలు చెప్పుల దగ్గర కూర్చోబెట్టింది. ఇక తనకూ అత్తకూ తేడా ఏముంది?

ఈరోజు హెడ్మాస్టరు రామ్‌చందర్ రిజిస్టరు ముందు పెట్టాడు. "అందర్నీ మొదటి గుంపుల రాయండి మేడమ్. రేపు ఆఫీసర్లు వస్తుండ్రు. బడి పరువు."

"జోగికి చదువుడు రాదు సార్. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎండాకాలం సెలవుల్ల గూడేనికి కోయ వచ్చిన వలంటీరును ఇస్తరు. దొంగరాత రాస్తే ఆ పిల్ల అట్లనే హాస్టల్ల ఆరో తరగతికి పోతది. దసరాకే తిరిగొస్తది. ఇగ బడి మొఖం చూడదు."

"వస్తే వస్తది. మీకేంది నొప్పి? ఏజెన్సీల ఇంకా లోపలికి బదిలీ ఏస్తే రోజూ ఎట్ల పోతరు? ఇంట్ల వంటెవరు చేస్తరు?"

బదిలీ అయితే ఇంట్లో ఏం జరుగుతుందో తబితకు తెలుసు. అత్త సణుగుడు, మొగుడు విసిరికొట్టే కంచం. పారిపోదామంటే దారి లేదు, పడుందామంటే ఊపిరి లేదు. అయినా రాసింది: హేమ్లా జోగి. లెక్కలు, మొదటి గుంపు. తెలుగు, మూడో గుంపు. కింద ఇంకో వాక్యం: మొదటి పరీక్ష తప్పుగా పెట్టింది నేను. సంతకం చేసింది.

రామ్‌చందర్ మొఖం మాడ్చుకుని ఫోను తీసి, శాంతికుమార్‌కు కలిపి, సంగతి చెప్పి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఏందే, సారు చెప్తే అర్థమైతలేదా నీకు?"

గడప దగ్గర జోగి తల ఎత్తి చూస్తోంది.

"మొదటి నుంచి అర్థమైతనే ఉంది" అన్నది తబిత. "మీరే ఎన్నడూ అడగలె."

ఫోను హెడ్మాస్టరు బల్లమీద పెట్టింది. అది ఇంకా అరుస్తూనే ఉంది. ఆమె గడప దాకా వెళ్లి చెప్పులన్నీ బయటికి నెట్టి, జోగి పక్కన ఆ చోటులోనే కూర్చుంది.

"నాకు మీ భాషల ఒకటి నుంచి పది దాకా చెప్పు. ఒక్కటి గూడ రాదు."