పచ్చిపాల పెరుగు

మా బొగ్గుబాయి క్వార్టర్ల లైనులో కడుపుతో ఉన్న పిల్ల ఒక్కతి ఉంటే ఆమె ఏం తినాలో చెప్పేవాళ్ళు నలభై మంది ఉంటారు. మామూలు రోజుల్లో పక్క క్వార్టరులో మనిషి మూలుగుతున్నా తలుపు తియ్యరు. కడుపు అనేసరికి అందరూ డాక్టర్లే. మా మనవడి భార్య జెస్సికా పుణ్యమా అని ఈ ఏడు వాళ్ళందరికీ చేతినిండా పని దొరికింది.

జెస్సికాకు ఐదో నెల. ఐదో నెల వచ్చినా వాంతులు ఆగలేదు. అన్నం పెడితే బయటికే, ఇడ్లీ పెడితే బయటికే. కడుపులో నిలిచేది ఒక్క పెరుగన్నం. అది ఇంట్లో పెట్టరు. ఎందుకంటే పోయిన ఏడాది నాలుగో నెలలో జ్వరం వచ్చి ఆమెకు కడుపు పోయింది. అప్పుడు ఆమె పెరుగు తినేదట. కాబట్టి పెరుగు వల్లనే పోయిందని లైను తీర్పు చెప్పింది. అప్పుడు ఆమె నీళ్ళు కూడా తాగింది. నీళ్ళు మానమని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ తీర్పును ఇంట్లో అమలు చేసేది మా కోడలు మరియ, జెస్సికాకు అత్త. నా కొడుకు పోయాక వాడి ఉద్యోగం మనవడు క్రాంతికుమార్‌కు వచ్చింది. మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపరు నడుపుతాడు. ఇల్లంత బండిని గుంత అంచున వెనక్కి తిప్పగలడు. అమ్మ ముందు నోరు తిప్పలేడు.

ఆశా కార్యకర్త బతుకమ్మ వచ్చి జెస్సికాను తూచింది. పోయిన నెలకంటే రెండు కిలోలు తగ్గింది. రక్తం కూడా తక్కువే ఉంది. ఏం తింటున్నావని అడిగితే పిల్ల అత్త ముఖం చూసింది. బతుకమ్మకు సంగతి అర్థమైంది. తినగలిగింది పెట్టకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ ఎండిపోతారని చెప్పింది. పెరుగుతో బిడ్డకు జలుబు చేస్తుందని మరియ అడ్డం వచ్చింది.

"బిడ్డ కడుపుల ఉన్నది అక్కా, వానల లేదు," అంది బతుకమ్మ.

మంచిగా కాచిన పాలతో ఏ రోజుకారోజు తోడేసి, ఫ్రిజ్‌లో పెట్టి తినిపించమని చెప్పి వెళ్ళింది. కాచిన పాలు అన్న మాట నేను విన్నాను. మరియ కూడా విన్నది.

మరియ ఒప్పుకుంది. కానీ ఆమె పెరుగంటే మామూలు పెరుగు కాదు. వంట గ్యాసు మీదే చేస్తుంది గానీ పాలు మాత్రం పెరట్లో బొగ్గుల పొయ్యి మీదనే. సన్నసెగ మీద ఎర్రగా మరిగి, వేలు మందాన మీగడ కట్టాలి. క్రిస్మస్‌కు లైనంతా గిన్నెలు పట్టుకొని వస్తారు ఆ పెరుగు కోసం. జెస్సికా ఒక ముద్ద నోట్లో పెట్టుకొని బయటికి పరుగెత్తింది. అందులో బొగ్గు వాసన వస్తుందని నాతో మెల్లగా చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు పీల్చిన ముక్కు నాది, నాకేం తెలుస్తుంది. అయినా కడుపుతో ఉన్న పిల్ల వస్తుందంటే వస్తున్నట్టే.

పాలు గ్యాసు మీద కాచమన్నాను.

"ఇరవై ఏండ్ల సంది నా పెరుగుకు ఎవ్వరు వంక పెట్టలే మామా," అంది మరియ.

అంతే. గ్యాసు పొయ్యి రెండడుగుల దూరంలోనే ఉంది. ఎవరూ వెలిగించలేదు. వెలిగిస్తే ఇరవై ఏళ్ళ మీగడకు అవమానం. నేను వెలిగించి ఉండొచ్చు. నేనూ వెలిగించలేదు. ఆడవాళ్ళ పనిలో తలదూర్చడం ఎందుకని పేపరు ముందు వేసుకొని కూర్చున్నాను. మిగతావాళ్ళను అంటున్నాను గానీ నా వంతు కూడా ఉంది ఇందులో.

సరిగ్గా అప్పుడు దిగాడు రామ్‌చందర్.

రామ్‌చందర్ నాతోపాటు బొగ్గుబాయిలో పనిచేశాడు. సర్దారు ఉద్యోగం. షిఫ్టు దిగకముందు సర్దారు దీపం పట్టుకొని లోపలంతా తిరిగి, విషపు గ్యాసు ఉందో లేదో చూసి పుస్తకంలో రాయాలి. ఆ రాతను నమ్మి మేము లోపలికి దిగాలి. రామ్‌చందర్ పైన క్యాబినులో చాయ్ తాగుతూ 'గ్యాసు లేదు' అని రాసేవాడు. రెండుసార్లు మేము తల తిరిగి పడి, ఒకరినొకరు ఈడ్చుకుంటూ బయటపడ్డాం. ఆయనకేం కాలేదు, రిటైరు అయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు.

రిటైరయ్యాక ఫోను చూసి వైద్యుడయ్యాడు. మొదట గడ్డి రసం అన్నాడు. తర్వాత ఉప్పు మానమన్నాడు. రెండేళ్ళ కింద పినపాక వైపు నుంచి రెండు ఆవులను తోలుకొచ్చి, క్వార్టరు వెనక అడవి అంచున రేకుల కొట్టం వేసి, ప్రకృతి జీవనం అని బోర్డు పెట్టాడు. పాలూ పెరుగూ లైనుకు ఊరికే పంచుతాడు. ఊరికే ఇచ్చేవాడి మాటను కాదనేవాళ్ళు మా లైనులో ఇంకా పుట్టలేదు.

మరియ బాధ విని, ఆయన మా అరుగు మీద కూర్చొని తీరిగ్గా చెప్పాడు.

"తప్పు నీ పొయ్యిది కాదు చెల్లే, నీ చేతిది గాదు. అసలు కాచుడే తప్పు."

మరియ ముఖం వెలిగిపోయింది. ఈ మాట నేను అప్పుడు వినలేదు. చర్చి కాంపౌండు ఊడ్వడానికి వెళ్ళాను. అంతా అయ్యాక లైనులో వాళ్ళు చెప్పారు. మర్నాటి నుంచి ఆయన స్టీలు క్యాను పొద్దున్నే మా ఇంటికి రావడం మొదలైంది. గట్టి పెరుగు, కమ్మటి పెరుగు. జెస్సికాకు ఏ వాసనా రాలేదు. పూటకు రెండు గిన్నెలు తిన్నది, నిలుపుకున్నది. పది రోజుల్లో బుగ్గల్లో కొంచెం రంగు తిరిగింది. రామ్‌చందర్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మంచి పని చేశాడని నేను కూడా అనుకున్నాను. తెలివితక్కువతనం ఒక్కడి సొత్తు కాదు.

పదకొండో రోజు ఖాళీ క్యాను ఇచ్చి రావడానికి కొట్టానికి వెళ్ళాను. ఆయన ఆవు దగ్గర గొంతుకూర్చొని పాలు పిండుతున్నాడు. పొదుగు కడగలేదు. ఆవు తోక పేడలో తడిసి అటూ ఇటూ కొడుతోంది. పిండిన పాలను గుడ్డలో వడబోసి, అక్కడే కుండలో పోసి, ఇంత తోడు వేసి మూత పెట్టాడు. పొయ్యి ఎక్కడా లేదు.

కాచవా అని అడిగాను.

"కాస్తే పాలు సస్తయ్ ఆదామన్నా. సచ్చిన పాలు తాగి లోకం గిట్లయింది. గీ పెరుగుల జీవమున్నది."

ఆ జీవం ఏమిటో ఆయన చూశాడా అని అడుగుదామనుకున్నాను. గ్యాసే చూడనివాడు. క్యాను కింద పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చి చెప్పాను. మరియ తల కూడా ఎత్తలేదు. ఆమెకు ముందే తెలుసు. పెద్ద డాక్టరువు వచ్చినవా అని మాత్రం అంది. క్రాంతికుమార్ ఫోను తీసి చూపించాడు. అందులో తెల్లబట్టల మనిషి ఒకడు పచ్చిపాల గొప్పతనం చెబుతున్నాడు. రెండు లక్షల మంది చూశారట.

"వాండ్లల్ల ఎంతమంది కడుపుతోని ఉన్నరురా?" అన్నాను.

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

జెస్సికా నాకు మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. అందుకునేటప్పుడు ఆమె వేళ్ళు తగిలాయి. కాలిపోతున్నాయి. నేను ఆమె వైపు చూశాను. ఆమె తలుపు వైపు చూసి, నా దగ్గరికి వంగింది.

"నిన్నటి సంది తాతా. ఒళ్ళంత నొప్పులు. ఎవ్వరికి చెప్పకు, ఉన్న పెరుగు గూడ బందు చేస్తరు. పోయినసారి గిట్లనే మొదలైంది."

నేను గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకున్నాను. బతుకమ్మ ఇల్లు మూడు లైన్ల అవతల. అన్నం తింటున్నదల్లా నా మాట విని చెయ్యి కడుక్కుంది. వచ్చి జ్వరం చూసింది. నూట ఒకటి. ఎన్ని రోజుల నుంచి పచ్చిపాల పెరుగు తింటున్నదని అడిగి, నేను చెప్పిన లెక్క విని, ఆటోకు ఫోను చేసింది. ఇది గాలిజ్వరమని, తడిగుడ్డ వేసి ప్రార్థన చేయిస్తే పోతుందని మరియ అంటూనే ఉంది. ప్రార్థన ఆటోలో చేసుకొమ్మంది బతుకమ్మ. నలుగురం ఎక్కాం. క్రాంతికుమార్ మోటారుసైకిలు మీద వెనక వచ్చాడు.

దవాఖానాలో డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. బతుకమ్మ చీటీ రాయించడానికి బయట వరుసలో నిలబడింది. మమ్మల్ని లోపలికి పిలిచి, డాక్టరమ్మ జెస్సికా కడుపు నొక్కి చూసి, ఒక్కొక్కటే అడిగింది. దగ్గుందా, మూత్రంలో మంట ఉందా, పోయిన కడుపు ఎట్లా పోయింది. చివరికి ఏం తింటున్నావంది. పెరుగన్నం అంది జెస్సికా.

"పాలు కాచినవేనా?"

"కాచినయే మేడం," అంది మరియ. "మా ఇంట్ల కాచకుండ ఏది తాగం."

రెప్ప కూడా వెయ్యకుండా అంది. ఇరవై ఏళ్ళ మీగడ మనిషి, పదిమందిలో పాలు కాచనిది అనిపించుకుంటుందా. క్రాంతికుమార్ నేల చూశాడు. జెస్సికా నోరు తెరిచి, అత్త వైపు చూసి, మూసింది. డాక్టరమ్మ తల ఊపి, మామూలు జ్వరం మాత్ర రాయడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో తగ్గకపోతే రమ్మంది. పోయినసారి కూడా రెండు రోజులే అన్నారు.

రోజుకు పది మాటలు మాట్లాడితే నాకు ఎక్కువ. ఆ రోజువి అప్పటికే అయిపోయాయి.

"కాచలే," అన్నాను. "పదిరోజుల సంది పచ్చిపాల పెరుగే తింటుంది. పిండిన పాలు పిండినట్టే తోడేస్తున్నరు. నేను కండ్లార చూసిన."

డాక్టరమ్మ కలం ఆపింది. రాసిన కాగితం చింపి బుట్టలో వేసింది. మరియ వైపు ఒకసారి చూసింది. జెస్సికాను వార్డులో చేర్చుకొని, రక్తం తీయించి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చేదాకా ఆగేది లేదని, అప్పుడే సూది మందు మొదలుపెట్టించింది. పచ్చిపాలలో ఉండే, కంటికి కనపడని ఒక రకం పురుగు పెరుగు పులుపుకు కూడా చావదని, తల్లికి ఇంత జ్వరంతో సరిపెట్టి బిడ్డ మీద పడుతుందని మాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

బయట వరండాలో మరియ నన్ను పట్టుకుంది.

"పరాయోళ్ళ ముందట ఇజ్జత్ తీసినవ్ మామా."

"అవ్, తీసిన," అన్నాను. "కూసో."

రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఆ పురుగు ఉంది. సూదులు ఇంకా పది రోజులకు పైగా వేయాలన్నారు. డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న మిషను తెచ్చి జెస్సికా పొట్ట మీద పెట్టింది. మొదట గరగర తప్ప ఏం వినపడలేదు. జెస్సికా పిడికిట్లో దుప్పటి నలిగిపోయింది. మిషను కొంచెం పక్కకు జరిపారు. అప్పుడు వినపడింది, గబగబా, ఎక్కడికో తొందరపడి పోతున్నట్టు. క్రాంతికుమార్ గోడవైపు తిరిగాడు. మరియ తలుపు బయటే నిలబడింది. లోపలికి రమ్మని నేను పిలవలేదు. జెస్సికా పిలిచింది.

పెరుగు మానాలా అని జెస్సికానే అడిగింది. డాక్టరమ్మ నవ్వింది. శుభ్రంగా తినమంది. పాకెట్టు పెరుగైతే తారీఖు చూసుకొమ్మని, ఇంట్లోదైతే పాలు పొంగేదాకా కాచి, చల్లార్చి, శుభ్రమైన గిన్నెలో తోడేసి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పింది. క్రాంతికుమార్ ఆ రోజు ఇంటికి పోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పాలు కాచాడు. కాగే పాలల్లోనే తోడు వేశాడు. అవి విరిగి నీళ్ళయ్యాయి. రెండోసారి నేను కాచాను, గ్యాసు మీద. అంత కష్టమేం కాదు. ఈ పని ముందే చేసి ఉంటే దవాఖానా వరండా చూసేవాళ్ళం కాదు.

ఐదో రోజు రామ్‌చందర్ పరామర్శకు వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. వార్డులో ఆరు మంచాలు, ఆరుగురు కడుపుతో ఉన్న ఆడవాళ్ళు. జెస్సికా మంచం పక్కన నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"నా పెరుగు తిన్నది గాబట్టే గంత జరానికి తట్టుకున్నది. బిడ్డకు బలం ఆడికెల్లే వచ్చింది."

మరియ తలవంచుకొని బత్తాయి ఒలుస్తోంది. జెస్సికా పడుకునే ఉంది. సూది గుచ్చిన చెయ్యి ఎత్తి చూపించింది.

"పెద్దయ్యా, నాకు గీ సూదులు ఇంక తొమ్మిది రోజులున్నయ్," అంది. "జర పక్కకు జరుగు, గాలి రాట్లే."

ఆయన జరిగాడు. జరిగి, పక్క మంచం ఆమెకు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. పాలు ఎట్లా చస్తాయో, జీవం ఎక్కడ ఉంటుందో. ఆమె శ్రద్ధగా విన్నది. మీ కొట్టం ఎక్కడ అని అడిగింది. అవతలి మంచం ఆమె ఫోను నంబరు రాసుకోవడానికి కాగితం వెతుక్కుంటోంది.

నేను స్టూలు మీది నుంచి లేచాను. తర్వాత మొదటి మంచం దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయికి జెస్సికా రిపోర్టు కాగితం చూపించి, కాచిన పాలే బిడ్డా, అన్నాను. అక్కడి నుంచి రెండో మంచానికి వెళ్ళాను. రామ్‌చందర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.