బొటనవేలు పడిన ఫొటో

నేను ఒక గాజు కన్నుని. అదీ తిరగేసి తగిలించిన కన్నుని. ముందు ఏది, వెనక ఏది అని నన్ను చేసినవాళ్ళు గుర్తులు పెట్టి మరీ పంపితే, బొబ్బిలిలో కుసుమ అనే అమ్మాయి నన్ను వెనక్కి తిప్పి, ఒక ఇనుప కట్టు వేసి కెమెరాకి బిగించింది. ఆ ఇంట్లో అందరికంటే ముందు కంగారుపడింది వాళ్ళమ్మ పారమ్మ. "తిరగేసి పెట్టినావేటే? పేలిపోద్దేమో సూసుకో" అంది.

పారమ్మ భయాలు చూసి అందరూ నవ్వుతారు గానీ నేను నవ్వలేను. గాజుకి భయం పుట్టుకతోనే వస్తుంది. ఎత్తుకున్న ప్రతి చెయ్యీ జారిపోయే చెయ్యిలాగే కనిపిస్తుంది. బల్ల అంచు దగ్గర పెడితే కింద గచ్చు ఎంత గట్టిదో లెక్క కట్టుకుంటాను. ఆమె కూడా అంతే. కూతురు తుమ్మితే నిమోనియా, పది నిమిషాలు ఆలస్యమైతే లారీ.

నా పుట్టుక సముద్రాల అవతల. ఆరు గాజు బిళ్ళల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చి నన్ను చేశారు. ఓడెక్కి, రైలెక్కి, చివరికి జగ్గారావు స్టూడియోకి చేరాను. ఇరవై రెండేళ్ళు అక్కడే. పెళ్ళికూతుళ్ళు నా ముందు కూర్చునే దాకా ఏడ్చి, "రెడీ" అనగానే నవ్వేవాళ్ళు. ఫొటో తియ్యగానే మళ్ళీ ఏడుపు. మనుషులు నా కోసం ఎంత శ్రమ పడతారో అని మొదట్లో గర్వంగా ఉండేది. తరవాత అర్థమైంది, ఆ నవ్వు ఫొటో చూడబోయే బంధువుల కోసమని.

స్టూడియో మూసేసిన రోజున జగ్గారావు నన్ను కుసుమ చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబ్ చూసుకుంటుంది, పురుగులంటే పిచ్చి. "తిరగేసి పెట్టుకోమ్మా, చీమ ఏనుగైపోద్ది" అన్నాడాయన. ఆయన అబద్ధం చెప్పలేదు.

అలా నా లోకం మారిపోయింది. ఇంటి వెనక పెరడు. బీరపాదు, కనకాంబరాలు, నూతి గట్టు చుట్టూ తుమ్మి మొక్కలు. తిరగేసిన కన్నుకి దూరం కనబడదు. నాలుగు వేళ్ళంత దగ్గరికి వెళ్ళాలి, అక్కడ ఊపిరి బిగబట్టాలి. వెంట్రుకవాసి కదిలితే అంతా మసక. కుసుమ రోజూ పొద్దున్నే గొంతుకూర్చుని, కనకాంబరం ఆకు మీద ఉండే ఒక పొట్టి సాలీడుని తీసేది. అది తెల్లటి పట్టు సంచిలో గుడ్లు పెట్టి, కాపలాగా దాని మీదే కూర్చునేది.

ఆ ఫొటోని కుసుమ కంప్యూటర్లో పెట్టి చూపించిన రోజు పారమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఇంతది మన పెరట్లో ఉందేటే?"

"అమ్మా, అది మిరియం గింజంత కూడా లేదే."

"మిరియం గింజకి ఎనిమిది కళ్ళుంటాయేటే? నానెప్పుడూ సూడ్నేదు."

ఆ రోజు నుంచి చీపురు పట్టుకుని మంచాల కింద వెతుకుడు మొదలైంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక మంగళవారం పొద్దున్న, ముందు రోజు కురిసిన వానకి పెరడంతా తడి తడిగా ఉంది. కుసుమ ఎడమచేతి మీదకి ఒక చిన్న ప్రాణి ఎక్కింది. మామూలు కంటికి అది చీమ. నాకు మాత్రం తల నల్లగా, నడుం నారింజ రంగులో, వీపు మీద నీలంగా మెరిసే పొట్టి రెక్క ముక్కతో, తోక కొస మళ్ళీ నల్లగా కనిపించింది. కుసుమకీ వింతగా అనిపించినట్టుంది, కుడిచేత్తో కెమెరా దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి కొండ దిగినట్టు ఒక బొటనవేలు దిగింది.

"చీమ ఎక్కిందే, కుట్టుద్ది!" అంటూ పారమ్మ దాన్ని అక్కడికక్కడే నలిపేసింది. నలిగిన చోట తడి మెరిసింది. అంతటితో ఆగినా బాగుండేది. "మొకమైనా సరిగ్గా కడుక్కోకుండా వచ్చీసినావు, ఆ పుసి సూడు" అని, అదే బొటనవేలితో కూతురి కుడి కంటి కొస తుడిచింది.

"అమ్మా! నాకు ఇరవైమూడేళ్ళు వచ్చాయే!"

"అయితే? ఇరవైమూడేళ్ళోళ్ళకి పుసి కట్టదేటి?"

ఆ తరవాత పారమ్మ అదే చేత్తో తన గడ్డం కింది చెమట తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫొటో పాడైందని కుసుమ దాన్ని చూడనైనా చూడకుండా కాలేజీకి పరుగెత్తింది. చూసింది నేనొక్కదాన్నే. కళ్ళున్నవాళ్ళకి నోరుండదని ఆ రోజు తెలిసింది.

బుధవారం పొద్దున్నకి కుసుమ కన్ను మూసుకుపోయింది. రెప్ప ఉబ్బి, కొస నుంచి చెంప దాకా నిప్పుతో గీసినట్టు ఎర్రటి చార. ఎడమచేతి మీద కూడా అలాంటిదే ఇంకోటి.

పారమ్మకి రుజువు దొరికినట్టయింది. "సాలీడు పాకింది. చేతి మీద ఉచ్చపోసి, అక్కణ్ణుంచి కంటి మీదకి ఎల్లింది. ఈ పాడు ఫొటోలు వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

"సాలీడు ఏం చెయ్యలేదే. ఆసుపత్రికి ఎల్దాం పద" అంది కుసుమ, తడిగుడ్డ కంటి మీద పెట్టుకుని. తనకున్నది ఆ ఒక్క కన్నే అన్నంత ఆదుర్దా ఆ మాటలో. ఆ కన్నుతోనే కదా ఆమె నాలోంచి చూసేది.

"ఎల్దాం. ఎల్లేలోగా విషం లోపలికి దిగిపోతేనో? ముందు పసరు ఏసీసి ఎల్దాం."

పారమ్మ నన్ను కెమెరాతో సహా పాతచీర ముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో కుక్కింది. చీకటి. నాలుగు పక్కలా బియ్యం. కెమెరాలోని ఆ ఆఖరి ఫొటో ఎవరికైనా కనబడితే చాలు, గండం గడుస్తుంది. డబ్బా మూత దాటి బయటికి వెళ్ళే దారి మాత్రం నాకు లేదు. వినబడుతోంది మాత్రం అంతా. వెనక వీధి తవుడమ్మ వచ్చింది. రాతి మీద ఆకు నూరుతున్న చప్పుడు. ఆమె పసరుకి ఆ వీధుల్లో పెద్ద పేరు.

"ఏ సాలీడు పారమ్మా? నల్లదా, చారలదా?"

"ఏమో! ఎందుకు?"

"నల్లదైతే వట్టి తుమ్మి పసరు చాలు. చారలదైతే సున్నం నీళ్ళు కలపాల. తెలీకుండా ఏసేస్తే ఎలాగ?"

"ఉండు, ఫొటోలో సూద్దాం." డబ్బా మూత తెరుచుకుంది.

పారమ్మ కెమెరా బయటికి తీసింది. కూతురు నొక్కేటప్పుడు చూసిన గుర్తుతో మూలనున్న త్రికోణం బొత్తాం నొక్కింది. ఆఖరున తీసిన ఫొటో తెర మీదకి వచ్చింది. నేను బతికి బయటపడ్డాననుకున్నాను.

తవుడమ్మ తల వంచి చూసింది. "ఇదిగో, నలుపూ ఎరుపూ. చారలదే. సున్నం తే."

నా ఆరు బిళ్ళలూ పగిలినంత పని అయింది. నిజాన్ని నేను చూపిస్తే దాన్ని వీళ్ళు ఇలా చదివారు. పారమ్మ తమలపాకుల పెట్టెలోంచి సున్నం డబ్బా తీసుకొచ్చింది. తవుడమ్మ వేలితో ఇంత తీసి నీళ్ళలో కలిపి పసరు గిన్నెలో పోసింది. పసరు రంగు మారింది. దూది ముంచింది. "రెప్ప ఎత్తి పట్టుకో పారమ్మా."

పారమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. రెప్ప మీద బొటనవేలు ఆనించబోయి, ఆ వేలి గోరు చూసుకుని ఆగిపోయింది. ఎన్నడో కత్తిపీటకి తెగి వంకరగా పెరిగిన గోరు అది. పక్కనే నేలమీద కెమెరా తెర ఇంకా వెలుగుతోంది. ఫొటో పైమూల మసగ్గా ఒక వేలు, దాని కొసన అదే వంకర.

"ఉండవే తవుడమ్మా. ఇది నా ఏలు."

"అయితే?"

"నిన్న నాను నలిపినది... కుసుమా, నీ చేతి మీద చీమని నలిపినాను కదే. ఇది అదేనేటి?"

కుసుమ ఒంటికన్నుతో కెమెరా దగ్గరికి లాక్కుని చూసింది. "అమ్మా, ఇది చీమ కాదు. సాలీడు అసలే కాదు. కాళ్ళు లెక్కపెట్టు, ఆరే. ఇది కుట్టదు, కరవదు. నలిపితే మాత్రం దీని రసం తగిలిన చోటల్లా కాలిపోద్ది."

పారమ్మ కూతురి చెయ్యి చూసింది. కంటి కొస చూసింది. తన బొటనవేలు చూసుకుంది. పొద్దుట్నుంచీ కూతురికి కనబడకుండా పమిట కప్పుకున్న గడ్డం కిందికి మెల్లగా చెయ్యి పోయింది. అక్కడా అదే చార, అదే మంట. సాలీడు విషం తనకీ అంటుకుందని, చెబితే పిల్ల బెదిరిపోతుందని దాచుకుందట.

ఆమె పసరు గిన్నె ఎత్తి తూములో పోసేసింది.

"అయ్యో, పొద్దుట్నుంచీ నూరినానే! తూములో పోసినావేటి?"

"పోన్లే తవుడమ్మత్తా," అంది కుసుమ మంటలోనే నవ్వుతూ, "తూముకి చూపు బాగా వచ్చుద్ది."

సబ్బునీళ్ళతో కడిగి, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు, సాక్షిని కదా. కంటి డాక్టరమ్మ ఫొటో చూసి, "కంట్లో ఏమైనా వేశారా?" అని మూడుసార్లు అడిగింది. పారమ్మ మూడుసార్లూ "లేదమ్మా" అంది. మూడోసారి, వెయ్యబోయిన సున్నం సంగతి కూడా చెప్పేసింది. "అదొక్కటీ మంచి పని చేశారు. సున్నం పడుంటే ఈ కన్ను నా దగ్గరికి తెచ్చినా లాభం ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

పన్నెండు రోజులకి రెప్ప మామూలైంది. చార మచ్చ మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండిపోయింది. ఆ పన్నెండు రోజులూ పారమ్మ పెరట్లో నీళ్ళు పోసేటప్పుడు కనకాంబరం మొక్క దగ్గర చెంబు వంచి, ఆకు తడవకుండా మొదట్లోనే పోసింది. పదమూడో రోజున ఆ పట్టు సంచిలోంచి నువ్వు గింజల్లాంటి పిల్లలు బయటికొస్తే కూతుర్ని పిలిచింది తనే. దగ్గరికి మాత్రం రాలేదు.

అది జరిగి నాలుగేళ్ళు. వానాకాలాల తేమకి నా లోపల బూజు పట్టింది. సన్నటి తెల్లటి దారాలు మధ్య నుంచి అంచులకి పాకాయి. "దీన్లోనూ సాలీడు గూడు కట్టీసింది" అంది పారమ్మ. కుసుమ కొత్త కన్ను కొనుక్కుంది. నన్ను పాతసామాన్లవాడికి వెయ్యబోతే పారమ్మ లాక్కుని వంటింటి గూట్లో, తమలపాకుల పెట్టె పక్కన పెట్టుకుంది. తీగ మీద ఆరిన తువ్వాలు ప్రతిదీ దులిపి, అనుమానం వస్తే నాలోంచి చూస్తుంది. తిరగేసి పట్టుకోవాలని ఆమెకి ఎవరూ నేర్పలేదు, తనకే తెలిసింది. చీమ అయితే ఉఫ్ మని ఊదుతుంది. కాకపోయినా ఊదుతుంది, కాస్త దూరంగా నిలబడి. భయం పోలేదు. నాకూ గూటి అంచు అంటే భయమే.

ఇప్పుడు నాకు కనబడేది ఆ బూజు దారాల మధ్య నుంచి కాస్త వంటిల్లు, అంతే. పొద్దున్న కుసుమ ఆవులిస్తూ వస్తుంది. పారమ్మ అలవాటు కొద్దీ బొటనవేలు కూతురి కంటి కొసకి చాపుతుంది. మధ్యలో ఆగుతుంది. వెళ్ళి సబ్బు పెట్టి చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వెలుగులోకి వచ్చి ఆ వంకర గోరు అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది. అంతసేపూ కుసుమ కళ్ళు మూసుకుని, మొహం ముందుకి చాపి, అలాగే నిలబడి ఉంటుంది.